సముద్రం ఫొటోలో కన్ను ముందు ఎక్కడికి పోతుంది?

తొట్లకొండ కింద, మంగమారిపేట ఒడ్డున సముద్రంలో సహజంగా ఏర్పడ్డ రాతి తోరణం ఒకటి ఉంది. విశాఖలో కెమెరా కొన్నవాళ్లు మొదటి ఏడాదిలో ఒకసారైనా తెల్లారకముందే అక్కడికి వెళ్తారు. నేనూ వెళ్లాను. తోరణం, దాని వెనక నారింజ రంగు ఆకాశం, పాలమీగడలా పరుచుకున్న నీళ్లు, అన్నీ కుదిరాయనిపించిన ఒక ఫొటో తెచ్చి అమ్మకు చూపించాను. కళ్లజోడు పైకి తోసుకుని చూసి, "బాగుందిరా. ఆ మూల పడున్నది చెప్పా?" అంది.

ఉంది, నిజంగానే. ఎడమవైపు కింది మూలలో, తడి ఇసుకలో సగం కూరుకుపోయిన తెల్ల రబ్బరు చెప్పు. నలభై నిమిషాలు ట్రైపాడ్ పక్కనే నిలబడ్డ నాకు అది కనపడలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు గంటసేపు రంగులు సరిచేసినప్పుడూ కనపడలేదు. అమ్మకు అర సెకను పట్టలేదు.

అప్పుడు కాస్త ఉడుక్కున్నాను గానీ, తప్పు ఆవిడది కాదు. తోరణం కోసం వెళ్లినవాణ్ని కాబట్టి నా కళ్లు తోరణాన్నే చూశాయి. ఫొటో చూసేవాళ్లకు నేను దేనికోసం వెళ్లానో తెలియదు. అందులో ఏది గట్టిగా పిలిస్తే అటు చూస్తారు. ఆ ఫొటోలో అన్నిటికంటే గట్టిగా పిలిచింది ఆ రబ్బరు చెప్పే. చుట్టూ నల్లటి తడి ఇసుక, మధ్యలో తెలుపు. పైగా నేను ఫోకస్ దగ్గరగా పెట్టడం వల్ల దాని అట్ట మీది గాట్లు కూడా లెక్కపెట్టేంత స్పష్టం. తోరణమేమో నల్లగా, కాస్త మెత్తగా వచ్చింది. వెలుగూ ఫోకస్ రెండూ తీసుకెళ్లి చెప్పుకు అప్పజెప్పాను, నాకే తెలియకుండా.

ఫోకస్, వెలుగు: చూపును నడిపించడానికి మన దగ్గరున్న పెద్ద పనిముట్లు ఈ రెండే. సముద్రం దగ్గర ఈ రెండూ మనం చెప్పినట్టు వినవు. అందులోనే ఉంది తిరకాసంతా.

కన్ను దేనికి లొంగుతుంది

చెయ్యి ముందుకు చాచి బొటనవేలి గోరు చూడండి. మన కంటికి ఒక్కో క్షణంలో నిజంగా స్పష్టంగా కనపడేది దాదాపు ఆ గోరంత మేరే, సుమారు 2 డిగ్రీలు. మిగతాదంతా మసక. అయినా అంతా స్పష్టంగా చూస్తున్నామనే అనుకుంటాం. ఎందుకంటే కన్ను సెకనుకు మూడు నాలుగు సార్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతుతుంది, గెంతిన చోటల్లా చూసినవాటిని మెదడు కలిపి కుట్టుకుంటుంది.

తర్వాతి గెంతు ఎటు అన్నది చాలావరకు మసకగా చూసే ఆ పక్కభాగమే తేలుస్తుంది. దానికి వివరాలు తెలియవు, తేడాలు తెలుసు. చీకట్లో వెలుగు, వెలుగులో చీకటి, మెత్తటి చోట పదునైన అంచు, నీలంలో ఎరుపు. ఇవి కనపడగానే కన్ను అటు తిరుగుతుంది. మనిషి ఆకారం కనపడితే ఎంత చిన్నదైనా వదలదు.

గర్భగుడి ముందు నిలబడ్డప్పుడు ఇది మనందరి అనుభవమే. లోపల చీకటి. నూనె దీపాల వెలుగులో విగ్రహం ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. పూజారిగారు హారతి పాదాల దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా ముఖం దాకా ఎత్తుతారు. క్యూలో ఉన్నవాళ్లందరి చూపూ దాంతోపాటే పైకి లేస్తుంది. ఎవరూ "ఇటు చూడండి" అనరు. అదే హారతి ట్యూబులైట్లు వెలిగే హాల్లో ఇస్తే చూపు అంతగా కట్టుబడదు. పనిచేసింది కర్పూరం ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న చీకటి కూడా.

అందుకే "కన్ను వెలుగు వైపు పోతుంది" అన్న మాట సగమే నిజం. ఎండ పడి తళతళలాడుతున్న నీళ్ల మీద నల్లటి తెప్ప ఒకటి ఉందనుకోండి. ఫ్రేమంతటిలో అదే చీకటి, అయినా చూపు దాన్నే పట్టుకుంటుంది. తెల్లటి నురుగు మీద తెల్ల కొంగ ఉంటే అది ఉందని కూడా చాలామందికి తెలియదు. లెక్కలోకి వచ్చేది తేడా.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సోవియట్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ యార్బస్ 1960ల నాటికే కంటి కదలికలను రికార్డు చేసి ఒక సంగతి చూపించాడు. ఒకే బొమ్మను ఒకే మనిషికి చూపించి వేరువేరు ప్రశ్నలు అడిగితే, చూపు ప్రతిసారీ వేరే దారి పట్టింది. అంటే చూసేవాడి మనసులో ఏముందో దాన్ని బట్టి కూడా కన్ను నడుస్తుంది. కాబట్టి ఫొటో మీద ఎర్ర బాణాలు గీసి "చూపు ఇక్కడ మొదలై, ఇలా వంపు తిరిగి, అక్కడ ఆగుతుంది" అని చెప్పే వీడియోలను నేను సగమే నమ్ముతాను. దారంతా మన చేతుల్లో ఉండదు. ముందు ఎక్కడ పడుతుంది, తిరిగి తిరిగి ఎక్కడికి వస్తుంది అన్నవి మాత్రం చాలావరకు ఉంటాయి.

సముద్రం దగ్గరే ఎందుకింత కష్టం

మనది తూర్పు తీరం. సముద్రంలోంచి సూర్యుడు లేస్తాడు కాబట్టి తెల్లవారుజామున మనం తీసే ఫొటోలు చాలావరకు వెలుగుకు ఎదురుగా తీసేవే. విశాఖలో డిసెంబరులో సూర్యుడు బాగా ఆగ్నేయానికి జరిగి నేరుగా నీళ్లలోంచి లేస్తాడు. జూన్‌లో ఈశాన్యానికి జరుగుతాడు కాబట్టి వెలుగు కొంచెం ఏటవాలుగా, తీరం వెంబడి వస్తుంది. రాళ్ల మీద గరుకుదనం కనపడేది ఆ ఏటవాలు వెలుగులోనే. నాకు ఇష్టమైన ఫొటోలు ఎక్కువ జూన్‌వే. అయిదున్నర కాకముందే తెల్లారిపోతుంది, నిద్ర చెడుతుంది, అది వేరే సంగతి.

వెలుగుకు ఎదురుగా తీస్తే ఏమవుతుంది? మనకు కావలసిన రాయి, పడవ, మనిషి అన్నీ నల్లబడతాయి. మనకు పెద్దగా అక్కర్లేని ఆకాశం, నురుగు, నీటి మీది మెరుపులు మాత్రం వెలిగిపోతాయి. వెలుగును పట్టే సెన్సర్ ఎంత మంచిదైనా 14 స్టాపుల తేడాను మించి పట్టుకోవడం కష్టం. ఒక్కో స్టాప్ అంటే వెలుగు రెట్టింపు. సూర్యుడికీ నీడలో ఉన్న రాతికీ మధ్య తేడా దాన్ని దాటిపోతుంది. అలాంటప్పుడు సూర్యుడున్న చోట తెల్లటి చిల్లు పడుతుంది. అక్కడ రంగు లేదు, వివరం లేదు, ఉత్త కాగితం. కన్ను మాత్రం ఆ చిల్లు దగ్గరికే పోయి కూర్చుంటుంది.

ఇది డిజిటల్ కాలపు తలనొప్పి కాదు. 1850లలో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని తీస్తున్నప్పుడు ఇదే ఎదురైంది. కొలోడియన్ అనే రసాయనం పూసిన అప్పటి గాజు ప్లేట్లకు నీలి వెలుగంటే మరీ చురుకు. సముద్రానికి సరిపడా ఎక్స్‌పోజర్ (ప్లేటు మీద పడే వెలుగు మోతాదు) ఇస్తే ఆకాశం తెల్లగా మాడిపోయేది. ఆకాశానికి ఇస్తే సముద్రం నల్లబడేది. 1857లో సేత్ అనే ఊరి దగ్గర తీసిన ఉవ్వెత్తు కెరటం ఫొటోలో ఆయన సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఇంకో నెగటివ్ వాడి, రెండింటినీ హొరైజన్ గీత దగ్గర అతికి ప్రింట్ చేశాడు. అంతకుముందు ఏడాది ఆయన చూపించిన ఓడ ఫొటోను జనం వెన్నెల్లో తీసిందనుకున్నారు. అది పట్టపగలు తీసింది. మబ్బు వెనకున్న సూర్యుడి చుట్టూ మాత్రమే వెలుగు మిగిలేలా ప్రింటును ముదురుగా చేశాడు, అంతే. ఓడ మీదికి చూపు పోవడానికి ఓడను వెలిగించలేదు, మిగతా లోకాన్ని చీకటి చేశాడు. నూట అరవై ఏళ్లు దాటాక మనం సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నదీ అదే పని. ఎవరైనా "ఎడిటింగ్ చేస్తే అది ఫొటోయే కాదు" అన్నప్పుడు నాకు లె గ్రే గుర్తొస్తాడు.

లెన్స్ చేసే ఫోకస్

పెళ్లి ఫొటోల్లో ఫోకస్‌తో చూపును నడిపించడం తేలిక. అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) బాగా తెరిచి, పెళ్లికూతురి కళ్ల మీద ఫోకస్ పెడితే వెనకున్న షామియానా, కుర్చీలు, బంధువులు కరిగిపోతారు. ఆ అలవాటుతో సముద్రం దగ్గరికి వస్తే ఒక దెబ్బ తగులుతుంది. ఒకసారి ఎండబెట్టిన వల దగ్గర కూర్చుని, వల ముడి ఒకటి స్పష్టంగా, వెనక సముద్రం మసకగా వచ్చేలా తీశాను. వెనక నీటి మీది మెరుపులన్నీ గుండ్రటి వెలుగు బిళ్లలైపోయి, ఒక్కొక్కటీ ముడికంటే పెద్దగా, ముడికంటే కాంతిగా తయారయ్యాయి. మసక చేస్తే అది పక్కకు తప్పుకుంటుందనుకున్నాను. మసక చేస్తే వివరం పోతుందే గానీ వెలుగు పోదు. వెలుగున్నంతకాలం అది పిలుస్తూనే ఉంటుంది. తర్వాత అదే వలను ఎండ తగ్గాక, వెనక సముద్రం బూడిదరంగులోకి దిగాక తీస్తే ముడి నిలబడింది.

ల్యాండ్‌స్కేప్ తరహాలో, కాళ్ల దగ్గరి రాయి నుంచి హొరైజన్ దాకా అంతా స్పష్టంగా కావాలంటే హైపర్‌ఫోకల్ దూరం అనే లెక్క ఉంది. పేరుకు భయపడక్కర్లేదు. ఒక లెన్స్‌కు, ఒక అపెర్చర్‌కు ఒక దూరం ఉంటుంది. అక్కడ ఫోకస్ పెడితే అందులో సగం దూరం నుంచి అనంతం దాకా అన్నీ సరిపడా స్పష్టంగా వస్తాయి. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్ము సైజు సెన్సర్ ఉన్న) కెమెరా మీద 16 మి.మీ. లెన్స్, ఎఫ్/11 అపెర్చర్ (ఈ అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) అయితే ఆ దూరం సుమారు 80 సెంటీమీటర్లు. అంటే 40 సెంటీమీటర్ల నుంచి సముద్రపు చివర దాకా. అదే 50 మి.మీ. లెన్స్ అయితే ఏడున్నర మీటర్లకు పోతుంది. ఇక్కడ "సరిపడా" అన్న మాట మరిచిపోకూడదు. ఈ లెక్కలు మామూలు సైజు ప్రింటును దృష్టిలో పెట్టుకుని కట్టినవి. తెర మీద వంద శాతం జూమ్ చేసి చూస్తే దూరపు కొండ కాస్త మెత్తగానే ఉంటుంది. అందుకే నేను లెక్క చెప్పినదానికంటే కొంచెం దూరంగానే ఫోకస్ పెడతాను.

ఒడ్డున నిలబడి ఫోన్‌లో ఈ లెక్కలు చూసే ఓపిక లేనివాళ్లకు ఇంకో దారి: ఫ్రేమ్‌లో అన్నిటికంటే దగ్గరున్న రాయి ఎంత దూరంలో ఉందో చూసి, దానికి రెట్టింపు దూరంలో ఫోకస్ పెట్టడం. పైన చెప్పిన సూత్రాన్నే తిరగేసి చెప్పడం ఇది. "ఫ్రేమ్‌లో మూడోవంతు దగ్గర ఫోకస్ పెట్టండి" అని చాలామంది చెబుతారు, అది ఏదో ఒక దూరం దగ్గర తప్ప కుదరని సూత్రం.

మరీ జాగ్రత్తపడి ఎఫ్/22 పెట్టడం కూడా దెబ్బే. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ దాని అంచుల దగ్గర వెలుగు చెదిరి, చుక్కలా ఉండాల్సింది చిన్న పళ్లెంలా పరుచుకుంటుంది. ఎఫ్/22 దగ్గర ఆ పళ్లెం సుమారు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ దాదాపు 6 మైక్రాన్లు. అంతా స్పష్టంగా రావాలని పోతే అంతా సమానంగా మెత్తబడుతుంది.

ఇంతకీ అంతా స్పష్టంగా ఉండటం మంచిదేనా? అమ్మ కనిపెట్టిన చెప్పు సంగతి చూశారుగా. ముందున్న ప్రతి గవ్వ, ప్రతి పుల్ల స్పష్టంగా ఉన్న ఫ్రేమ్‌లో ఫోకస్ ఇక దేన్నీ చూపించదు. పుస్తకంలో ప్రతి వాక్యం కిందా గీత గీసినట్టు ఉంటుంది. అప్పుడు చూపును నడిపించే పని ఇంకెవరో చేయాలి.

షట్టర్ అనే రెండో ఫోకస్

సముద్రం ఫొటో మిగతావాటికంటే వేరుగా ఉండేది ఇక్కడే అని నా అభిప్రాయం. ఇక్కడ సగం ఫ్రేమ్ కదులుతుంది, సగం కదలదు. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచితే కదిలేది అంత కరుగుతుంది, కదలనిది అలాగే నిలుస్తుంది. రాయి స్పష్టం, చుట్టూ నీళ్లు మెత్తన. లెన్స్‌తో దూరాన్ని బట్టి మసక చేస్తాం. షట్టర్‌తో అయితే కదలికను బట్టి మసక చేస్తాం. తోరణాన్ని ఆనుకుని, అదే దూరంలో ఉన్న నీళ్లను మెత్తబరిచి, తోరణాన్ని మాత్రం పదునుగా ఉంచడం ఏ ఖరీదైన లెన్స్ వల్లా కాదు. ట్రైపాడ్ మీద ఒక్క సెకను షట్టర్ వల్ల అవుతుంది.

ఎంతసేపు అన్నది కెరటాన్ని బట్టి, మన కోరికను బట్టి. సెకనులో వెయ్యో వంతు పెడితే రాతికి కొట్టి పైకి లేచిన నీటి బొట్లు గాజుపూసల్లా గాల్లో ఆగిపోతాయి. అప్పుడు చూపు ఆ తుంపర దగ్గరే ఉంటుంది, రాయి వెనక్కి పోతుంది. అర సెకను నుంచి ఒక సెకను దాకా నాకు అన్నిటికంటే ఇష్టం. కెరటం ఒడ్డుకు వచ్చి, వెనక్కి జారుతున్నప్పుడు షట్టర్ తెరిస్తే నురుగు పోగులు పోగులుగా సాగి, చీర అంచులా గీతలు పడతాయి. ఆ గీతలన్నీ లోపలికే పోతాయి కాబట్టి చూపునూ లోపలికే లాక్కెళ్తాయి. వచ్చే కెరటాన్ని తీస్తే గీతలు మన మీదికి వచ్చినట్టుంటాయి, చూపు ఒడ్డునే ఆగిపోతుంది. ఒకే షట్టర్, ఒకే చోటు. ఎప్పుడు నొక్కామన్నదే తేడా.

ముప్పై సెకన్లు దాటితే నీళ్లు నీళ్లలా ఉండవు, మంచులా ఉంటాయి. పగటి వెలుగులో అంతసేపు తెరవాలంటే లెన్స్ ముందు నల్లటి ఎన్‌డీ ఫిల్టర్ పెట్టాలి. 10 స్టాపుల ఫిల్టర్ వెలుగును వెయ్యో వంతుకు తగ్గిస్తుంది, సెకనులో ముప్పయ్యో వంతు కాస్తా అర నిమిషం దాటుతుంది. అది కొన్న కొత్తలో అన్నిటికీ అదే పెట్టాను, ఎవరైనా అంతే. లంగరేసిన పడవకు కూడా పెట్టాను. పడవ అలల మీద ఊగుతుంది కదా, అది దెయ్యంలా వచ్చింది. చుట్టూ అంతా మెత్తగా ఉండి, నిలబడాల్సిందే నిలబడకపోతే చూపుకు పట్టు ఎక్కడ?

ట్రైపాడ్ కూడా నిలబడాలి. తడి ఇసుకలో కెరటం తగిలినప్పుడల్లా కాళ్లు మెల్లగా దిగిపోతాయి. ముందే మూడు కాళ్లనూ గట్టిగా నొక్కి పాతి, ఒకటి రెండు కెరటాలు పోనిచ్చి అప్పుడు తీయాలి.

రెండోసారి మంగమారిపేట

చెప్పు గొడవ జరిగిన కొన్ని నెలలకు, నీరు బాగా తీసిన ఒక పొద్దున మళ్లీ వెళ్లాను. ఈసారి ముందు ఇసుకలో తిరిగి చూశాను. రెండు ప్లాస్టిక్ సీసాలు, ఒక కొబ్బరి బోండాం, పూజ పూల కవరు. అన్నీ ఏరి పక్కన పడేశాక కెమెరా తీశాను. చూపును నడిపించడంలో చవకైన పని ఇదే.

కెమెరా మోకాలి ఎత్తులో పెట్టాను. ముందు నాచు పట్టిన రాయి ఒకటి, దాని పక్కనుంచి నీళ్లు వెనక్కి జారే చిన్న పాయ, ఆ పాయ చివర తోరణం. దగ్గరి రాయి అర మీటరు దూరంలో ఉంది కాబట్టి మీటరు దగ్గర ఫోకస్ పెట్టి, తోరణం కోసం ఇంకొంచెం దూరానికి జరిపాను. చీకట్లో ఆటోఫోకస్ తడబడుతుంది. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, పెద్దది చేసి, చేత్తో తిప్పి, ఇక ముట్టుకోలేదు. ఎఫ్/11. షట్టర్ సుమారు 0.6 సెకను.

వెలుగు సంగతి దీనికంటే కష్టమైంది. ఆకాశాన్ని తగ్గించడానికి సగం నల్లగా, సగం తేటగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్లు ఉన్నాయి. చదునైన హొరైజన్‌కు అవి బాగుంటాయి. ఇక్కడ తోరణం హొరైజన్ గీతను దాటి పైకి వస్తుంది, ఫిల్టర్ దాని తలను కూడా నల్లగా చేసేస్తుంది. మనం చూపించాలనుకున్నదాని తలే నల్లబడితే ఏం లాభం? అందుకే ఫిల్టర్ పెట్టకుండా మూడు ఎక్స్‌పోజర్లు తీశాను: ఆకాశానికి ఒకటి, రాళ్లకు ఒకటి, మధ్యలో ఒకటి. లె గ్రే పద్ధతే, అతుకు మాత్రం నున్నగా ఉంటుంది. మాడిపోయిన చోట్లు మినుకుమినుకుమని చూపించే సెట్టింగ్ ఆన్ చేసుకున్నాను. కెమెరా వెనక తెర చీకట్లో ఎప్పుడూ ఉన్నదానికంటే కాంతిగా కనపడుతుంది, దాన్ని నమ్మితే మోసపోతాం.

పోలరైజర్ అనే ఫిల్టర్ కూడా ఉంది గానీ వాడలేదు. తడి రాళ్ల మీది మెరుపును అది తుడిచేస్తుంది, నీటి అడుగు కూడా చూపిస్తుంది. కానీ ఆ పొద్దున పాయలోని నీటి మీద పడ్డ ఆకాశపు నారింజ రంగే తోరణం దాకా వేసిన బాట. దాన్ని తుడిచేస్తే బాట పోయినట్టే.

ఇంటికొచ్చాక కలిపిన ఫైల్‌ను ముందు నలుపు తెలుపు చేసి, బొటనవేలంత చిన్నది చేసి, కళ్లు చికిలించి చూశాను. రంగుల మాయ పోతే వెలుగు ఎక్కడ పోగుపడిందో తెలుస్తుంది. రెండు చోట్ల పోగుపడింది: కుడివైపు అంచున ఒక నురుగు ముద్ద, పైన ఎడమ మూలలో తేటగా ఉన్న ఆకాశం. రెండూ ఫ్రేమ్ అంచునే ఉన్నాయి. అంచున వెలుగుంటే చూపు తలుపు తెరిచి ఉన్న ఇంట్లోంచి పిల్లిలా బయటికి పోతుంది. నురుగును ముప్పావు స్టాపు తగ్గించాను, ఆకాశపు మూలను అర స్టాపు. ముందున్న నాచు రాయి మరీ పదునుగా ఉంది కాబట్టి దాని మీద క్లారిటీ (వివరాలను పదునుగా చూపించే సెట్టింగ్) కొంచెం వెనక్కి లాగాను. తోరణం లోపలి అంచున మాత్రం పావు స్టాపు పెంచాను, ఒక చిటికెడు వెచ్చదనం కలిపాను. పెంచింది ఆ ఒక్కచోటే. మిగతావన్నీ తగ్గింపులే.

ఈ తగ్గింపుల్లో చెయ్యి ఎక్కువైతే వెంటనే దొరికిపోతాం. తోరణం చుట్టూ తెల్లటి వలయం వస్తుంది, మూలలు పొగచూరిన వంటింటి గోడలా అవుతాయి. అందుకని చేసినదాన్ని ఒక రాత్రి వదిలేసి, మర్నాడు చూసి, అన్నిటినీ మూడోవంతు వెనక్కి తీసుకుంటాను.

ఫొటో తీసుకెళ్లి అమ్మకు చూపించాను. ఆవిడ చూపు నేరుగా ఎడమ కింది మూలకు పోయింది. "చెప్పు తీసేశావా?" అంది. యార్బస్ చెప్పింది అక్షరాలా నిజం.

ఫోన్‌తో

ఫోన్ సెన్సర్ చిన్నది కాబట్టి దగ్గరా దూరమూ దాదాపు అన్నీ స్పష్టంగానే వస్తాయి. ఫోకస్‌తో ఆడుకునే వీలు తక్కువ, వెలుగుతోనే నెట్టుకురావాలి. తెర మీద వెలుగున్న చోట వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కిందికి లాగి కాస్త చీకటి చేసి తీయండి. ఫోన్ తనంతట తాను నీడలన్నీ తేటపరిచి ఫ్రేమంతా ఒకే వెలుగు చేసేస్తుంది, అదే పెద్ద శత్రువు. ఐఫోన్‌లో లైవ్ ఫొటో తీసి, తర్వాత లాంగ్ ఎక్స్‌పోజర్ ఎంచుకుంటే నీళ్లు మెత్తబడతాయి, చెయ్యి కదలకుండా దేనికైనా ఆనించాలి. స్నాప్‌సీడ్‌లో సెలెక్టివ్ అనే పనిముట్టు ఉంది. ఒక్కో చుక్క పెట్టి అక్కడి వెలుగు మాత్రమే తగ్గించవచ్చు. పైన నేను చెప్పినవి సగం దాంతోనే అవుతాయి. ముందు లెన్స్ తుడవండి. సముద్రపు గాలికి ఉప్పు పొర పట్టిన లెన్స్‌లో ప్రతి వెలుగూ పొగలా పాకుతుంది.

ఎక్కడికీ తీసుకెళ్లని సముద్రం

ఇదంతా చదివి, ప్రతి సముద్రం ఫొటోకూ చూపు ఆగే చోటొకటి ఉండి తీరాలనుకోకండి. జపాన్ ఫొటోగ్రాఫర్ హిరోషి సుగిమోటో 1980 నుంచి ప్రపంచంలో ఎన్నో సముద్రాలను ఒకే పద్ధతిలో, నలుపు తెలుపులో తీస్తూ వచ్చాడు. సరిగ్గా మధ్యలో హొరైజన్, పైన ఆకాశం, కింద నీళ్లు. రాయి లేదు, పడవ లేదు, పక్షి లేదు, ఒడ్డు లేదు. చూపు పట్టుకోవడానికి ఏమీ లేక అటూ ఇటూ తిరిగి, చివరికి ఆ గీత మీద కూర్చుని ఊరుకుంటుంది. కొన్నిట్లో పొగమంచుకు ఆ గీత కూడా కరిగిపోయి ఉంటుంది. చూపును నడిపించే పనిముట్లన్నీ తెలిసి, అన్నీ పక్కన పెట్టేసిన మనిషి తీసిన ఫొటోలవి.

ఆర్కే బీచ్‌లో నేనూ అది ప్రయత్నించాను. ఒక తెల్లవారుజామున నీళ్ల అంచున ట్రైపాడ్ వేసి, 10 స్టాపుల ఫిల్టర్ పెట్టి, నాలుగు నిమిషాలు షట్టర్ తెరిచి ఉంచాను. ఆకాశం కరిగింది, సముద్రం కరిగింది, గీత తిన్నగా వచ్చింది. ఆ గీత మీద వరసగా ఆరు వెలుగు చుక్కలు. పోర్టులోకి పోవడానికి లంగరేసుకుని ఎదురుచూస్తున్న ఓడలు. విశాఖలో హొరైజన్ ఖాళీగా ఉండే రోజు నేనింకా చూడలేదు.